మూడో సీటు ఎవరిది?

ఆ రోజు మా మేనకోడలు మూడో స్థానంలో వచ్చింది. లిస్టులో మూడో పేరు మాత్రం తనది కాదు.

రోలర్ స్కేటింగ్‌లో ఆర్టిస్టిక్ అని ఒక విభాగం ఉంది. నాలుగు చక్రాల స్కేట్లు కట్టుకుని పాటకి తగ్గట్టు తిరగడం, గాల్లోకి లేచి చుట్టు తిరిగి ఒంటికాలి మీద దిగడం. ఇదే మంచు మీద చేస్తే ఫిగర్ స్కేటింగ్ అంటారు. విశాఖలో మంచు ఎక్కడ దొరుకుతుంది, గచ్చే గతి. జిల్లా సెలెక్షన్స్‌లో మొదటి ముగ్గురూ స్టేట్‌కి వెళ్తారని అందరం అనుకున్నాం. అలా అని ఎవరు చెప్పారంటే చెప్పలేను. ఎప్పుడూ అలాగే అనుకుంటారు కాబట్టి మేమూ అనుకున్నాం. పొద్దున్న పోటీ అయిపోయింది. సాయంత్రం బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తిని పండగ చేసుకున్నాం. రాత్రి పదకొండుంబావుకి వాట్సాప్ గ్రూపులో లిస్టు పడింది. మొదటి రెండు పేర్లూ సరిగ్గానే ఉన్నాయి. మూడో పేరు నాలుగో స్థానంలో వచ్చిన అమ్మాయిది.

మర్నాడు బావ ఫోన్ చేస్తే అవతలి పెద్దాయన చాలా మర్యాదగానే మాట్లాడారు. "ఓవరాల్ పెర్ఫార్మెన్స్ చూసి కమిటీ డిసైడ్ చేసిందండీ" అన్నారు. కమిటీలో ఎవరున్నారని అడిగితే "అందరూ సీనియర్లేనండీ" అన్నారు. అంతకుమించి ఆయన దగ్గర చెప్పడానికేం లేదు, బావ దగ్గర అడగడానికేం లేదు. ఫోన్ పెట్టేసి, ఇక ఈ స్కేటింగ్ చాలు, ఏడో తరగతిలోకి వచ్చింది కదా, ఐఐటీ ఫౌండేషన్‌లో వేసేద్దాం అన్నాడు. అక్క ఏం మాట్లాడకుండా స్కేట్ల బ్యాగు తీసుకెళ్లి అటక మీద పెట్టింది. సోమవారం తెల్లవారుజామున స్టూల్ వేసుకుని దాన్ని మళ్లీ కిందికి దించుకున్నది పిల్లే.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాయడంలో అర్థం లేదు. ఆ నాలుగో స్థానం అమ్మాయి మా పిల్ల కంటే బాగా ఆడుతుంది. రోజూ చూసేవాణ్ణి, నాకు తెలుసు. వుడా పార్కు రింక్‌లో (పేరు వీఎంఆర్‌డీఏ పార్కని మార్చినా ఆటోవాడికి కూడా అది వుడా పార్కే) పొద్దున్న ఐదున్నరకి వాళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చుని లేసులు బిగించుకుంటారు. సముద్రపు గాలికి గచ్చు చెమర్చి ఉంటుంది, మొదటి పది నిమిషాలు ఎవరూ జంప్ వెయ్యరు. ఆ ఉప్పుగాలికి బేరింగులు నెలకే తుప్పు పట్టి కరకరమంటాయి. ఆదివారాలు నేను చక్రాలు ఊడదీసి, బేరింగుల్ని స్టీలు గ్లాసులో పెట్రోలు పోసి నానబెట్టి, పాత బనీను గుడ్డతో తుడిచి ఆరబెడతాను. ఆ అమ్మాయికి అలా చేసిపెట్టే మావయ్య లేడు. అందుకే ఆ బేరింగులూ మావాటితోపాటే గ్లాసులో పడతాయి. ఆ కరకర చక్రాల మీదే ఆ పిల్ల మా పిల్ల వెయ్యలేని జంప్ వేస్తుంది. పోటీ రోజున రెండుసార్లు పడింది. అంతే జరిగింది.

మరి కమిటీ చేసింది తప్పా? ఈ ప్రశ్న నన్ను రెండేళ్లుగా వదల్లేదు. బయటి దేశాల్లో, ఇంతకంటే పెద్ద పోటీలకి మనుషుల్ని ఎలా ఎంచుతారో చూద్దామని మొదలుపెట్టాను. దానికి కారణమూ పిల్లే. అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య వాళ్లు జూనియర్ గ్రాండ్ ప్రీ అని కుర్రకారుకి పెట్టే ఫిగర్ స్కేటింగ్ పోటీల్ని యూట్యూబ్‌లో ఉచితంగా చూపిస్తారు. రాత్రిళ్లు హోంవర్కు అయ్యాక మా పిల్ల చూసేది అదే. ఒకరోజు ఫోన్ మీద నుంచి తల ఎత్తకుండానే "మావయ్యా, వీళ్లు ఇక్కడిదాకా ఎలా వస్తారు? వీళ్లకీ వాట్సాప్‌లో లిస్టు వస్తుందా?" అని అడిగింది.

రాదు. ముందు తేలింది ఏంటంటే, అక్కడ లెక్కకి సీటు ఆటగాడిది కాదు, దేశానిది. ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌కి ఒక విభాగంలో ప్రతి దేశానికీ మామూలుగా ఒక సీటు. రెండో సీటు, మూడో సీటు కావాలంటే కిందటేడు ఆ దేశం వాళ్లు సంపాదించిపెట్టి ఉండాలి. ఇద్దరు ముగ్గురు ఆడితే, బాగా ఆడిన ఇద్దరి స్థానాలూ కూడతారు. మొత్తం 13 లోపు ఉంటే వచ్చే ఏడాదికి మూడు సీట్లు, 28 లోపు ఉంటే రెండు. ఆడింది ఒక్కరే అయితే మొదటి రెండు స్థానాల్లో ఉంటే మూడు సీట్లు, పదో స్థానం దాకా అయితే రెండు. మూడు దాటవు, నువ్వు ఎంత గొప్ప దేశమైనా.

అంటే ఈ ఏడాది నువ్వు ఆడే సీటు కిందటేడు ఇంకెవరో చెమటోడ్చి తెచ్చింది కావచ్చు. మన ఇళ్లల్లో పెద్దన్నయ్య ఉద్యోగంలో చేరి చెల్లెళ్లనీ తమ్ముళ్లనీ చదివించినట్టు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ కొరియా కిమ్ యునాది. 2010 వాంకోవర్ ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిన మనిషి. 2011 ప్రపంచ పోటీ తర్వాత ఏడాదిన్నరకి పైగా పోటీలకి దూరంగా ఉంది. తిరిగొద్దామనుకునేసరికి ప్రపంచ పోటీకి కావలసిన కనీస మార్కు చేతిలో లేదు. ఒలింపిక్ ఛాంపియన్ కదా, రానిద్దాం అని ఎవరూ అనలేదు. 2012 డిసెంబరులో జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో ఎన్ఆర్‌డబ్ల్యూ ట్రోఫీ అనే చిన్న పోటీకి వెళ్లింది, 201.61 మార్కులతో గెలిచి కనీస మార్కు సంపాదించుకుంది. జనవరిలో స్వదేశంలో నేషనల్స్ ఆడి కొరియాకున్న ఒకే ఒక్క సీటు గెలుచుకుంది. 2013 మార్చిలో కెనడాలోని లండన్ ఊళ్లో ప్రపంచ పోటీలో 218.31 మార్కులు, రెండో అమ్మాయికీ తనకీ మధ్య 20కి పైగా తేడా. ఒంటరిగా ఆడి మొదటి స్థానం, కాబట్టి మరుసటి ఏడాది సోచి ఒలింపిక్స్‌కి కూడా అదే లెక్కన కొరియాకి మూడు సీట్లు. తనతో పాటు కిమ్ హే-జిన్, పార్క్ సో-యోన్ వెళ్లారు. ఇద్దరికీ పదహారేళ్లు. వాళ్లు చిన్నప్పుడు గోడ మీద ఫోటో అంటించుకున్న మనిషే వాళ్లకి సీటు తెచ్చిందన్నమాట. (గోడ మీద ఫోటో నా ఊహ. కానీ అంటించుకుని ఉండరా?)

ఇక ఆ కనీస మార్కు సంగతి. నా దృష్టిలో ఆ రూల్ పుస్తకం మొత్తంలో అన్నిటికంటే మర్యాదైన రూలు ఇదే.

ఫిగర్ స్కేటింగ్ మార్కులు రెండు మూటలుగా ఉంటాయి. ఒకటి చేసిన పనికి. ప్రతి జంప్‌కీ, ప్రతి స్పిన్‌కీ ముందే ధర రాసిపెట్టి ఉంటుంది. ఆక్సెల్, లట్జ్ అనేవి జంపుల పేర్లు: డబుల్ ఆక్సెల్‌కి 3.3, ట్రిపుల్ లట్జ్‌కి 5.9, నాలుగు చుట్ల లట్జ్‌కి 11.5. అది ఎంత శుభ్రంగా చేశారన్నదాన్ని బట్టి జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా వేస్తారు. చుట్టు పూర్తిగా తిరక్కుండా దిగితే వీడియో వెనక్కి తిప్పి చూసి కోస్తారు. పడితే ఒక మార్కు పోతుంది. రెండో మూట అందానికి, పాటతో కలిసి ఆడినందుకు. ఈ లెక్కల పద్ధతి ఊరికే రాలేదు. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల పోటీలో ఒక జడ్జి మీద ఒత్తిడి వచ్చిందన్న గొడవ లేచి, చివరికి రెండు జంటలకి స్వర్ణాలివ్వాల్సి వచ్చింది. ఆరు మార్కులకి ఇన్ని అని వేసే పాత పద్ధతి పోయి, 2004లో ఇది అమల్లోకి వచ్చింది.

కనీస మార్కు అడిగేది మొదటి మూటలోనే. ఒక్కో పోటీలో రెండుసార్లు ఆడాలి, చిన్నది షార్ట్ ప్రోగ్రామ్, పెద్దది ఫ్రీ స్కేట్. షార్ట్‌లో ఇంత, ఫ్రీలో ఇంత. ప్రపంచ పోటీకి కొంచెం ఎక్కువ, యూరప్ దేశాల పోటీ యూరోపియన్స్‌కీ, మిగతా ఖండాల పోటీ ఫోర్ కాంటినెంట్స్‌కీ కొంచెం తక్కువ. రెండూ ఒకే పోటీలో రావాలని లేదు, షార్ట్‌ది ఒక ఊళ్లో, ఫ్రీది ఇంకో ఊళ్లో తెచ్చుకోవచ్చు. కానీ సమాఖ్య గుర్తించిన అంతర్జాతీయ పోటీలో వచ్చిందే చెల్లుతుంది. స్వదేశపు నేషనల్స్‌లో ఎంత వచ్చినా లెక్కలోకి రాదు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. సొంత ఊరి పెళ్లిలో పాట పాడితే అందరూ చప్పట్లు కొడతారు.

ఈ మార్కు ఉందంటే నువ్వు వెళ్తావని కాదు. ఎంసెట్‌లో క్వాలిఫై అయినట్టు మాత్రమే, ర్యాంకు, సీటు తర్వాతి మాట. కానీ ఆ అంకె సీజన్ మొదట్లోనే అందరి ముందూ ఉంటుంది. ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు, సీనియర్లెవరో తెలుసుకోనక్కర్లేదు. రాత్రి పన్నెండుకి పడుకుని కూడా పిల్ల తన మార్కు పక్కన ఆ మార్కు రాసుకుని ఎంత తక్కువైందో చూసుకోవచ్చు. మా పిల్ల అదే చేసింది కూడా. చక్రాల ఆట మార్కులు మంచు ఆటకి సరిపోవు, అయినా సరదాకి. వయసు లెక్కా వేసుకుంది. స్కేటింగ్ ఏడాది జులై 1న మొదలవుతుంది, జూనియర్లలో ఆడాలంటే ఆ రోజుకి పదమూడు నిండి ఉండాలి. తను పుట్టింది ఆగస్టులో. "అంటే నెలన్నర కోసం ఏడాది ఆగాలా?" అని వాళ్ల అమ్మ మీద చాలాసేపు అలిగింది. సీనియర్లకైతే ఇప్పుడు పదిహేడు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో పదిహేనేళ్ల రష్యా అమ్మాయి కమిలా వలియేవా డోపింగ్ వ్యవహారం బయటపడ్డాక ఆ ఏడాది జూన్‌లోనే వయసు పెంచుతూ తీర్మానం చేశారు, రెండు మెట్లలో పదిహేను నుంచి పదిహేడుకి తెచ్చారు.

గ్రాండ్ ప్రీ దగ్గరికొచ్చేసరికి మన కౌన్సెలింగే గుర్తొస్తుంది. శరదృతువులో ఆరు పోటీలు: అమెరికా, కెనడా, ఫ్రాన్స్, జపాన్, చైనా, ఫిన్లాండ్. రష్యా పోటీ ఉండేది, 2022 నుంచి లేదు. సింగిల్స్‌లో ఒక్కో పోటీకి పన్నెండు మంది, ఒకరికి రెండు పోటీలకి మించి లేవు. కిందటి ప్రపంచ పోటీలో మొదటి ఆరుగురూ సీడ్‌లు, వాళ్లని ఆరు పోటీలకీ సర్ది పెడతారు. పన్నెండో స్థానం దాకా వచ్చినవాళ్లకీ రెండేసి ఖాయం. ఆ తర్వాత ప్రపంచ ర్యాంకుల్లోనూ, కిందటి సీజన్ అత్యుత్తమ మార్కుల్లోనూ పైన ఉన్నవాళ్లు. ఇంతవరకూ కన్వీనర్ కోటా. పోటీ పెట్టే దేశం తనవాళ్లని ముగ్గురిదాకా తన ఇష్టం మేరకు దించుకోవచ్చు, అది మేనేజ్‌మెంట్ కోటా. దెబ్బ తగిలి ఎవరైనా తప్పుకుంటే వెయిటింగ్ లిస్టు కదులుతుంది. మొదటి స్థానానికి 15 పాయింట్లు, తర్వాత 13, 11, 9, అలా ఎనిమిదో స్థానం దాకా. రెండు పోటీల పాయింట్లూ కలిపి పైనున్న ఆరుగురు ఫైనల్‌కి. మేనేజ్‌మెంట్ కోటా ఉందని నాకేం బాధ లేదు. అది మేనేజ్‌మెంట్ కోటా అని ముందే రాసి ఉంది కదా.

ఇప్పుడు అసలు కథ. మా పిల్ల కథ లాంటిదే, కాకపోతే లక్షలమంది టీవీల్లో చూసింది.

కిమ్ యునా గెలిచిన ఆ 2013 ప్రపంచ పోటీలోనే అమెరికా అమ్మాయిలు ఆష్లీ వాగ్నర్ ఐదో స్థానంలో, గ్రేసీ గోల్డ్ ఆరో స్థానంలో వచ్చారు. ఐదూ ఆరూ పదకొండు. పదమూడు లోపే. అంతకుముందు కొన్నేళ్లుగా రెండు సీట్లతోనే సరిపెట్టుకున్న అమెరికాకి సోచి ఒలింపిక్స్‌కి మూడో సీటు దక్కింది. 2014 జనవరిలో బోస్టన్‌లో అమెరికా నేషనల్స్. గోల్డ్ మొదటి స్థానం, పోలినా ఎడ్మండ్స్ రెండు, మిరాయ్ నాగాసు మూడు. వాగ్నర్ ఫ్రీ స్కేట్‌లో రెండుసార్లు పడి నాలుగో స్థానంలోకి జారిపోయింది. మర్నాడు ప్రకటించిన ఒలింపిక్ జట్టులో గోల్డ్, ఎడ్మండ్స్, వాగ్నర్ ఉన్నారు. నాగాసు లేదు.

ఇది మొదటిసారి చదివినప్పుడు లేచి రెండు చుట్లు బాల్కనీలో తిరిగి వచ్చాను. రెండుసార్లు పడిన నాలుగో స్థానం అమ్మాయి, ఇంటికెళ్లిపోయిన మూడో స్థానం అమ్మాయి. సరిగ్గా మా లిస్టే.

సరిగ్గా మా లిస్టేనా? ఒకటి కాదు, రెండు తేడాలున్నాయి. మొదటిది, ఆ మూడో సీటు పుట్టడానికి కారణమైన ఇద్దరిలో వాగ్నర్ ఒకర్తి. ఐదో స్థానం తెచ్చింది తను. నాగాసు ఆ ప్రపంచ పోటీలో లేదు. మరి ఆ సీటు మీద ఎవరికి హక్కుందంటే వాగ్నర్‌కి కొంచెం ఎక్కువే ఉందనిపిస్తుంది నాకు. రెండోది, ముఖ్యమైనది: నేషనల్స్‌లో వచ్చిన స్థానం ఒక్కటే చూడం, అంతకుముందు ఏడాదిగా అంతర్జాతీయ పోటీల్లో ఏం చేశారో అదీ చూస్తాం అని అమెరికా సమాఖ్య ముందే రాసిపెట్టింది. ఏ పోటీలు చూస్తారో పేర్లతో సహా. అప్పుడు గొడవ కాలేదా అంటే బోలెడంత అయింది. నాగాసుకి అన్యాయం జరిగిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ "మాకు తెలియదు" అని మాత్రం ఎవరూ అనలేకపోయారు.

ఈ కథకి రెండో అంకం ఉంది. 2017 ప్రపంచ పోటీలో కారెన్ చెన్ నాలుగు, వాగ్నర్ ఏడు. మళ్లీ పదకొండే! మళ్లీ మూడు సీట్లు, 2018 ప్యాంగ్‌చాంగ్‌కి. 2018 జనవరిలో నేషనల్స్‌లో బ్రేడీ టెనెల్ మొదటి స్థానం, నాగాసు రెండు, చెన్ మూడు, వాగ్నర్ మళ్లీ నాలుగు. ఈసారి మొదటి ముగ్గురినీ తీసుకున్నారు. సీటు తెచ్చిన వాగ్నర్ ఇంట్లో కూర్చుంది. నాలుగేళ్ల కిందట ఇంట్లో కూర్చున్న నాగాసు ఒలింపిక్స్‌లో టీమ్ పోటీలో ట్రిపుల్ ఆక్సెల్ వేసి దిగింది, ఒలింపిక్స్‌లో అది చేసిన మొదటి అమెరికా మహిళ. వాగ్నర్ ఆ రోజు కోపంగా మాట్లాడింది, మార్కుల గురించి. నేనైతే అర్థం చేసుకోగలను.

రెండుసార్లూ ఒకే పద్ధతి, రెండు రకాల ఫలితం. పద్ధతి బాగా లేదని వాదించవచ్చు. నేను కాసేపు అలాగే వాదించి, బావతో మాట్లాడి, మళ్లీ వెనక్కి వచ్చాను. ఒక్క రోజు పోటీతో తేల్చేస్తే జ్వరం వచ్చిన అమ్మాయికి ఏడాది పోతుంది. ఏడాది మొత్తం చూస్తే అప్పుడే ఎదుగుతున్న అమ్మాయికి ఎప్పటికీ తలుపు తెరుచుకోదు. రెండిట్లో ఏది మంచిదో తేలే మాట కాదు. ఏదో ఒకటి ఎంచుకుని, పోటీకి ముందు కాగితం మీద పెట్టాలి. పడ్డాక ఎవర్ని లేపాలో ఆలోచించకూడదు. మా జిల్లా కమిటీ మీద నాకున్న గొడవ ఇంతే. ఆ నాలుగో స్థానం అమ్మాయిని పంపినందుకు కాదు. "కిందటేడు స్టేట్‌లో వచ్చిన స్థానం కూడా చూస్తాం" అని వారం ముందు ఒక్క లైను రాసి ఉంటే మా పిల్ల మూడో స్థానంలో వచ్చిన రోజున మేం మురీ మిక్చర్ తినేవాళ్లం కాదు. బాధ పడేవాళ్లం, కానీ మోసపోయామని అనుకునేవాళ్లం కాదు.

బావ ఒప్పుకోడు. "రాసిపెట్టారులే, రాసిన రూలు ఎవరికి పనికొస్తుంది? కాగితం మీద అందరూ సమానమే" అంటాడు. ఇక్కడ ఆయన మాటలో చాలా బలం ఉంది, దాచను. ఆ కనీస మార్కునే తీసుకోండి. మర్యాదైన రూలు అన్నాను. కానీ ఆ మార్కు అంతర్జాతీయ పోటీలోనే తెచ్చుకోవాలి. పోటీకి పేరు పంపేది దేశ సమాఖ్యే, సొంతంగా వెళ్లి నమోదు చేసుకోవడం కుదరదు. ఆ పోటీలు ఎక్కువగా యూరప్‌లోనో అమెరికాలోనో. టికెట్, వీసా, కోచ్ టికెట్, బస. మార్కు ఉంటేనే పెద్ద పోటీకి వెళ్తావు, చిన్న పోటీలకి వెళ్తేనే మార్కు వస్తుంది, డబ్బుంటేనే చిన్న పోటీలకి వెళ్తావు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్న సామెతే.

ఆ మాటకొస్తే డబ్బు కంటే ముందు మంచు కావాలి. మన దేశంలో ఒలింపిక్ కొలతల రింక్ డెహ్రాడూన్‌లో ఉంది, 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టింది. ఆ క్రీడలయ్యాక ఏళ్ల తరబడి మూతపడి ఉండి, 2025లో మళ్లీ తెరుచుకుంది. విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరడానికే ఒకటిన్నర రోజు, అక్కణ్ణుంచి మళ్లీ ఇంకో బండి. మనవాళ్లు చలికాలంలో సిమ్లాలో, గుల్మార్గ్‌లో గడ్డకట్టిన మంచు మీదా, గురుగ్రామ్‌లో మాల్ లోపలా తిరిగి నేర్చుకున్నారు. ఈమధ్య భారత్ తరఫున ఫోర్ కాంటినెంట్స్‌లో ఆడిన తారా ప్రసాద్ అమెరికాలో పుట్టి, అక్కడే శిక్షణ తీసుకున్న అమ్మాయి. ఫోర్ కాంటినెంట్స్‌లో మంచి విషయం ఏంటంటే ప్రపంచ పోటీలా స్థానాల కూడిక ఉండదు, ఏ దేశమైనా కనీస మార్కు ఉన్నవాళ్లని ముగ్గురిదాకా పంపొచ్చు. ఎవరో సీటు సంపాదించి పెట్టేదాకా ఆగక్కర్లేదు. మనలాంటి దేశానికి ఉన్న దారి అదే.

అయినా బావకి నేను ప్రతిసారీ చెప్పే పేరు మైకేల్ క్రిస్టియన్ మార్టినెజ్. ఫిలిప్పీన్స్ అబ్బాయి. మనకంటే ఉక్కపోసే దేశం. మాల్‌లో ఉన్న రింక్‌లో, షాపింగ్‌కి వచ్చినవాళ్ల మధ్య నేర్చుకున్నాడు. ఖర్చులకి ఇల్లు తాకట్టు పెట్టారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. 2013 సెప్టెంబరులో జర్మనీలోని ఓబర్‌స్‌డార్ఫ్‌లో జరిగిన నెబెల్‌హార్న్ ట్రోఫీలో, ప్రపంచ పోటీలో తేలకుండా మిగిలిన ఒలింపిక్ సీట్లలో ఒకటి గెలుచుకున్నాడు. సోచిలో పందొమ్మిదో స్థానం. ఆ మిగిలిన సీట్ల ఏర్పాటు ఇప్పటికీ ఉంది. 2026 మిలాన్ ఒలింపిక్స్‌కి సింగిల్స్‌లో 29 సీట్లుంటే 24 బోస్టన్ ప్రపంచ పోటీలో తేల్చేసి, 5 సీట్లని ఇలాంటి దేశాల కోసం 2025 సెప్టెంబరులో బీజింగ్‌లో జరిగిన పోటీకి అట్టిపెట్టారు. మార్టినెజ్‌కి ఏ కమిటీ దయా అవసరం కాలేదు. ఇల్లు అవసరమైంది. ఆ రెండో వాక్యం దగ్గర బావ నావైపు చూసి ఊరుకుంటాడు, నేనూ ఊరుకుంటాను.

డబ్బు సంగతి మేం తేల్చలేం. కాగితం సంగతి తేల్చొచ్చు కదా అని కిందటేడు నేనూ అక్కా కలిసి ఒక అర్జీ రాశాం. పెద్దగా ఏం అడగలేదు. సెలెక్షన్ తేదీ పది రోజుల ముందు చెప్పండి, ఎంతమందిని పంపుతారో చెప్పండి, ఆ రోజు మార్కులు కాక ఇంకేం చూస్తారో రాయండి, పోటీ అయ్యాక మార్కుల షీటు గోడకి అంటించండి. అక్క "న్యాయం చేయగలరని ప్రార్థన" అని రాస్తే నేను కొట్టేశాను, ఆవిడ మళ్లీ రాసింది. ఆ నాలుగో స్థానం అమ్మాయి తండ్రి కూడా సంతకం పెట్టాడు. పెడతాడనుకోలేదు. "మా పాపదీ రేపు ఇదే పరిస్థితి అవ్వచ్చు కదండీ" అన్నాడు. అర్జీ తీసుకున్న పెద్దాయన చదివి, మడిచి, జేబులో పెట్టుకుని "చూద్దాం" అన్నారు.

ఈ ఏడాది నోటీసు పన్నెండు రోజుల ముందే వచ్చింది. వాట్సాప్‌లోనే, కానీ లెటర్‌హెడ్ మీద, సంతకంతో. తేదీ ఉంది, టైము ఉంది, ముగ్గురిని పంపుతామని ఉంది. చివర్లో చిన్న అక్షరాల్లో "తుది ఎంపిక కమిటీ విచక్షణ మేరకు జరుగును" అని ఉంది. ఆదివారం పొద్దున్న రింక్ గట్టు మీద కూర్చుని బేరింగులు తుడుస్తూ నేను అది పైకి చదివాను.

"మావయ్యా, విచక్షణ అంటే?" అంది మా పిల్ల.

నేను మాట వెతుక్కుంటూ ఉండగానే పక్కన కూర్చుని లేసులు బిగించుకుంటున్న ఆ అమ్మాయి తల ఎత్తకుండా చెప్పింది. "వాళ్లిష్టం అని."

ఇద్దరూ నవ్వుకుని లేచారు. గచ్చు ఇంకా ఆరలేదు, మొదటి పది నిమిషాలు జంపులు వద్దని నేను వెనక నుంచి అరుస్తూనే ఉన్నాను.